పాత బండికి మళ్లీ ప్రాణం: ఇంటి షెడ్డులో టూ స్ట్రోక్ ఇంజను పునర్నిర్మాణం

మత్తిగిరి, హోసూరు పరిసరాలలో ఇంటి వెనుక రేకుల షెడ్డులో పట్టా కప్పుకొని నిలిచిపోయిన పాత మోటారు సైకిలు అరుదైన దృశ్యం కాదు. తండ్రి ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న బండి కావచ్చు, తాతగారి నుండి సంక్రమించినది కావచ్చు. దానిని తుక్కుకు వేయడమా, తిరిగి నడిపించడమా అన్న ప్రశ్న ఎదురైనపుడు ఆ ఇంటివారికి సాధారణంగా రెండు సలహాలు వినిపిస్తాయి. "పిస్టన్, రింగులు మార్చేస్తే చాలు" అన్నది మొదటిది. "ఎలాగూ ఇంజను దింపుతున్నారు కదా, బోరు పెద్దది చేయించి పికప్ పెంచేయండి" అన్నది రెండవది.

ఈ రెండూ అర్ధసత్యాలే. అరిగిన ఇంజనుకు దాని తొలి కొలతలను తిరిగి ఇవ్వడమే మొదటి అభివృద్ధి. ఆ పని సక్రమంగా జరగకుండా చేసే ఏ హంగు అయినా డబ్బు దండుగ చేయడమే కాక, బండి నడిపేవారి ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటి షెడ్డులో ఏ పని చేసుకోవచ్చునో, ఏ పనిని యంత్రశాలకు అప్పగించవలెనో, ఏ పనిని అసలు తలపెట్టరాదో తెలుసుకోవడం అందుకే అవసరం.

హోసూరు నేల మీద తయారైన ఇంజన్లు

ఈ ప్రాంతానికీ టూ స్ట్రోక్ ఇంజనుకూ ఉన్న సంబంధం పాతది. హోసూరు కర్మాగారం నుండి 1980లో వెలువడిన టీవీఎస్ 50, ఇద్దరు కూర్చొని ప్రయాణించగలిగిన తొలి భారతీయ మోపెడ్. 1982లో జపాను దేశపు సుజుకి సంస్థతో ఒప్పందం కుదిరింది. 1984లో ఇండ్-సుజుకి పేరుతో 100 సీసీ మోటారు సైకిలు మార్కెట్టులోకి వచ్చింది. ఆ తరువాత సమురాయ్, షోగన్, షావోలిన్ వంటి టూ స్ట్రోక్ బండ్లు వచ్చాయి. 2001లో రెండు సంస్థలూ విడిపోయాయి. అదే సంవత్సరం నాలుగు స్ట్రోకుల విక్టర్ విడుదలైంది. పొగ నియమాలు కఠినమవుతూ వచ్చిన కొద్దీ టూ స్ట్రోక్ మోటారు సైకిళ్లు తయారీ నుండి తప్పుకొన్నాయి. మోపెడ్ల వరుసలో కూడా 2015లో నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 ప్రవేశించింది.

తయారీ ఆగినా బండ్లు మిగిలాయి. కర్మాగారాలు, వాటికి విడిభాగాలు అందించే చిన్న యంత్రశాలలు ఉన్న ఊరు కావడం వలన మైక్రోమీటరు పట్టడం తెలిసిన చేతులు ఇక్కడ వీధికొకటి కనిపిస్తాయి. నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో జేసీ రోడ్డు వంటి విడిభాగాల బజారు ఉంది. ఇంటి షెడ్డులో ఇంజను పని తలపెట్టేవారికి ఇంతకన్న అనుకూలమైన ప్రదేశం తక్కువ.

లోపల ఏమి జరుగుతుంది?

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఇంధనం ఒకసారి మండుతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది. తలభాగంలో వాల్వులు ఉండవు. సిలిండరు గోడలో కోసిన కిటికీల వంటి రంధ్రాలను, అనగా పోర్టులను, పిస్టనే పైకీ కిందికీ కదులుతూ మూస్తూ తెరుస్తూ ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. పిస్టన్ పైకి వెళ్లేటపుడు దాని అడుగున ఉన్న క్రాంకు గదిలో పీడనం తగ్గి, కార్బురేటరు నుండి పెట్రోలు, గాలి, ఆయిలు కలిసిన మిశ్రమం లోపలికి వస్తుంది. పిస్టన్ కిందికి దిగేటపుడు ఆ మిశ్రమం నొక్కుడుపడి పక్క దారుల గుండా సిలిండరులోకి ఎక్కుతుంది. అంటే క్రాంకు గది ఒక పంపు. పంపు అన్న తరువాత గాలి చొరబడరాదు. క్రాంకు ఇరుసుకు రెండు వైపులా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు ఆ కాపలా కాస్తాయి. బజారులో చవకగా దొరికే ఈ సీళ్లే టూ స్ట్రోక్ ఇంజను ఆయువుపట్టు.

మ్యాగ్నెట్ వైపు సీలు ఎండి పగిలితే బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది. ఇంజను అతిగా వేడెక్కుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ల ఆయిలు లోపలికి పీల్చబడి, బండి తెల్లని పొగ చిమ్ముతుంది, గేర్ల పెట్టెలో ఆయిలు క్రమంగా తగ్గుతుంది. ఈ రెండింటిలో దేనికీ పిస్టన్ మార్చడం మందు కాదు. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో ఈ సీళ్లు గట్టిపడి ఉంటాయి కనుక పైభాగం మాత్రమే విప్పి పిస్టన్ మార్చి సరిపెట్టుకొంటే కొత్త పిస్టన్ కూడా కొద్ది రోజులకే పాడవుతుంది.

విప్పకముందే చేయవలసిన పరీక్షలు

వైద్యుడు కత్తి పట్టేముందు నాడి చూస్తాడు. ఇంజను విషయంలోనూ అంతే.

మొదటిది కంప్రెషన్ పరీక్ష. స్పార్క్ ప్లగ్ స్థానంలో గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి ఉంచి, సూది ఆగేవరకు కిక్కరు కొట్టాలి. ఈ తరగతి చిన్న ఇంజన్లలో సుమారు 100 నుండి 130 పీఎస్ఐ వరకు రావడం ఆరోగ్య లక్షణం. హోసూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి సముద్ర తీరంలోని గాలికంటె దాదాపు 8 శాతం పలచన. కనుక చెన్నైలో 120 చూపించే ఇంజను ఇక్కడ 110 చూపిస్తే కంగారుపడవలసిన పని లేదు.

రెండవది చెవితో చేసే పరీక్ష. ఇంజను చల్లగా ఉన్నపుడు వినిపించి వేడెక్కాక తగ్గే టకటక శబ్దం పిస్టనుకూ సిలిండరుకూ మధ్య ఖాళీ పెరిగిన గుర్తు. బరువు మీద లోతుగా వినిపించే కొట్టుడు శబ్దం కనెక్టింగ్ రాడ్డు అడుగు బేరింగుది. వేగంతోపాటు పెరిగే మూలుగు క్రాంకు బేరింగులది.

మూడవది ప్లగ్ రంగు. కాఫీ పొడి రంగు మంచిది. నల్లగా జిడ్డుగా ఉంటే మిశ్రమం చిక్కన, లేదా ఆయిలు ఎక్కువ. తెల్లగా, కాలిన సున్నంలా ఉంటే మిశ్రమం పలచన. తెలుపే అన్నిటికన్న ప్రమాద సూచన.

విప్పే క్రమం

షెడ్డుకు గాలి, వెలుతురు ఉండాలి. ట్యాంకులోని పెట్రోలును ముందుగా తీసి మూత ఉన్న లోహపు డబ్బాలో దూరంగా ఉంచాలి. భాగాలు కడగడానికి పెట్రోలు వాడే అలవాటు మానాలి. దాని ఆవిరి నేల వెంట పాకి వంటింటి మంటను సైతం చేరగలదు. కిరోసిన్ లేదా డీజిలుతో కడగడం మేలు. అవి కూడా మంటకు దూరంగానే ఉండాలి. పాత బండ్ల బ్రేకు షూలలో, ప్యాకింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున ఆ ధూళిని గాలితో ఊదరాదు, తడిబట్టతో తుడవాలి.

ప్రతి దశలోనూ సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోవడం, బోల్టులను విడివిడి డబ్బాలలో పేరు రాసి పెట్టుకోవడం సగం శ్రమను తప్పిస్తాయి. హెడ్డు నట్లను ఒకేసారి పూర్తిగా విప్పకూడదు. ఎదురెదురు మూలల క్రమంలో కొద్ది కొద్దిగా వదులు చేయాలి. బిగించేటపుడూ అదే క్రమం. లేనిచో హెడ్డు వంగుతుంది. సిలిండరు ఎత్తిన వెంటనే క్రాంకు గది నోటిలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. పిస్టన్ పిన్ను సర్‌క్లిప్ జారి అందులో పడితే ఇంజను మొత్తం విప్పవలసి వస్తుంది.

మ్యాగ్నెట్‌ను సుత్తితో కొట్టి ఊడదీయడం వీధి మరమ్మతులలో తరచు కనిపించే తప్పు. ఆ దెబ్బ క్రాంకు ఇరుసును వంకర చేస్తుంది. దానికి పుల్లర్ అనే చిన్న సాధనం ఉంది. అలాగే క్రాంకు గది రెండు సగాలను విడదీయడానికి మధ్యలో స్క్రూడ్రైవరు దూర్చరాదు. అల్యూమినియం ముఖం మీద పడిన చిన్న గీత చాలు, అక్కడి నుండి గాలి చొరబడడానికి.

కొలతే ఈ పనికి ప్రాణం

ఇండ్-సుజుకి సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణ దూరం కూడా 50 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం 98 సీసీ. ఇటువంటి గాలితో చల్లబడే చిన్న ఇంజన్లలో పిస్టనుకూ సిలిండరుకూ మధ్య ఉండవలసిన ఖాళీ సుమారు 0.04 నుండి 0.06 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం కూడా దాదాపు ఇంతే. ఇంత సన్నని ఖాళీని వేలితో తడిమి, కంటితో చూసి నిర్ణయించడం ఎవరికీ సాధ్యం కాదు.

ఈ ఖాళీ ఎందుకింత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం మిశ్రమపు పిస్టన్ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే దాని వ్యాసం సుమారు 0.10 మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే వేడికి పోత ఇనుప సిలిండరు సుమారు 0.055 పెరుగుతుంది. తేడా 0.045. అంటే మనం వదిలిన ఖాళీ దాదాపు అంతా పనివేడికే ఖర్చవుతుంది. ఖాళీ మరీ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే పిస్టన్ అటూ ఇటూ కొట్టుకొని దాని అంచు విరుగుతుంది.

సిలిండరును బోర్ గేజితో పైన, మధ్యన, కింద మూడు ఎత్తులలో కొలవాలి. ప్రతి ఎత్తులోనూ ముందు వెనుకగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చూడాలి. మొత్తం ఆరు కొలతలు. ఉదాహరణకు పైన 50.12, మధ్యన 50.09, కింద 50.05 వచ్చాయనుకొందాం. ఇది గరాటులా అరిగిన సిలిండరు. దీనికి కొత్త రింగులు మాత్రమే వేస్తే అవి ప్రతి చుట్టులోనూ తెరుచుకొంటూ మూసుకొంటూ త్వరలోనే అలసిపోతాయి. దీనికి తగిన మార్గం 0.25 ఓవర్‌సైజు పిస్టన్ తెచ్చి బోరు చేయించడం.

ఇక్కడ వరుస తప్పరాదు. ముందు పిస్టన్ కొనాలి. దాని కింది భాగాన్ని, పిన్నుకు అడ్డంగా, సర్వీసు పుస్తకం చెప్పిన ఎత్తున మైక్రోమీటరుతో కొలవాలి. అది 50.21 వస్తే, 0.05 ఖాళీ కలిపి, 50.26కు బోరు చేయమని యంత్రశాలకు కాగితం మీద రాసి ఇవ్వాలి. "0.25 బోరు కొట్టండి" అని నోటిమాటగా చెప్పి వచ్చేస్తే, చేతికి వచ్చే ఖాళీ ఎంతో ఎవరికీ తెలియదు. తయారీ ఆగిపోయిన నమూనాలకు బజారులో నకిలీ పిస్టన్లు కలిసిపోతాయి కనుక డబ్బా మీది అంకెను నమ్మక కొలవడం మరీ అవసరం.

రింగును ఒంటరిగా సిలిండరులో పెట్టి, పిస్టనుతో సమంగా నెట్టి, దాని రెండు కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజితో చూడాలి. ఈ పరిమాణానికి సుమారు 0.15 నుండి 0.35 మిల్లీమీటర్లు తగినది. టూ స్ట్రోక్ పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది. రింగు కొసలు దానికి ఇరువైపులా కూర్చోవాలి. రింగు తిరిగి కొస పోర్టులో చిక్కుకోకుండా ఆపేది ఆ పిన్నే. పిస్టన్ తల మీది బాణం గుర్తు సైలెన్సరు వైపు ఉండాలి.

ఇంట్లో ఏది, యంత్రశాలలో ఏది?

ఇంజను దింపడం, విప్పడం, కడగడం, మసి గీకడం, కొలవడం, సీళ్లు, ప్యాకింగులు మార్చడం, తిరిగి అమర్చడం - ఇవి ఓపిక ఉన్న ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగిన పనులు. క్రాంకు బేరింగులను సుత్తితో దిగగొట్టనక్కరలేదు. గదిని నీటిబొట్టు వేస్తే చుయ్యిమనేంత వేడి చేసి, బేరింగును చల్లగా ఉంచితే దానంతట అదే జారి కూర్చుంటుంది.

బోరు వేయడం, హోనింగ్, క్రాంకు పని మాత్రం యంత్రశాలవే. కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ లాగి చూసినపుడు ఏమాత్రం ఆట ఉన్నా రాడ్డు కిట్టు మార్చాలి. క్రాంకు పిన్నును హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కి తీయాలి, నొక్కి ఎక్కించాలి. ఆపైన ఇరుసును రెండు మొనల మధ్య నిలిపి డయల్ గేజితో వంకర సరిచూడాలి. 0.05 మిల్లీమీటరు మించిన వంకరతో తిరిగే క్రాంకు కొత్త బేరింగులను, కొత్త సీళ్లను త్వరలోనే నమిలేస్తుంది. బోరు వేసిన తరువాత పోర్టుల పదునైన అంచులను సన్నగా మొద్దు చేయించడం మరువరాదు. నాలుగు స్ట్రోకుల సిలిండర్లకు అలవాటుపడిన లేతు షాపులో దీనిని అడిగి చేయించుకోవాలి. లేనిచో రింగు ఆ అంచుకు తగిలి విరుగుతుంది.

అన్నీ బిగించాక గాలి పరీక్ష చేయాలి. కార్బురేటరు, సైలెన్సరు నోళ్లను రబ్బరు బిరడాలతో మూసి, చేతి పంపుతో సుమారు 6 పీఎస్ఐ గాలి నింపి ఐదారు నిమిషాలు చూడాలి. సూది దిగితే అతుకుల మీద సబ్బు నురుగు పూయాలి. బుడగ లేచిన చోట తప్పు ఉంది. ఈ ఒక్క పరీక్ష మొత్తం శ్రమకు బీమా వంటిది.

శక్తి ఎక్కడి నుండి వస్తుంది?

బోరు పెద్దదైతే బండి పరుగెడుతుందన్న నమ్మకం లెక్కకు నిలవదు. 50 మిల్లీమీటర్ల సిలిండరును చివరి ఓవర్‌సైజు అయిన 51కి పెంచినా ఘనపరిమాణం 98 నుండి 102 సీసీకి, అంటే 4 శాతం మాత్రమే పెరుగుతుంది. గోడ పలచబడుతుంది. మరొకసారి బోరు చేసే అవకాశం పోతుంది.

1985 నుండి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 దీనికి చక్కని ఉదాహరణ. దాని సిలిండరు కొలతలు కూడా 50, 50 మిల్లీమీటర్లే. అయినా అది 11 అశ్వశక్తి ఇచ్చి ఇండ్-సుజుకిని మించిపోయింది. సిలిండరు ఒకటే అయినపుడు తేడా పోర్టుల ఎత్తు, కార్బురేటరు, సైలెన్సరు ఆకారం వంటివాటిలో ఉంటుంది. ఇవన్నీ ఒకదానికొకటి సరితూగేటట్లు తయారీదారు నిర్ణయించినవి. ఒకదానిని మార్చితే మిగిలినవన్నీ తప్పుతాయి. సైలెన్సరు వైపు పోర్టును పైకి గీకితే ఇంజను అధిక వేగంలో మాత్రమే శక్తి చూపి, ఊరి వీధులలో, ఎత్తు రోడ్లలో లాగలేక నీరసిస్తుంది.

సైలెన్సరు విషయంలో అపోహ మరీ ఎక్కువ. లోపలి భాగాలు తీసేసి చప్పుడు పెంచితే వేగం పెరిగిందనిపిస్తుంది. నిజానికి టూ స్ట్రోక్ సైలెన్సరు శబ్దం తగ్గించే గొట్టం మాత్రమే కాదు. పోర్టు నుండి వెలువడిన పీడన తరంగం దాని లోపలి శంకువులకు తగిలి వెనుదిరిగి, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. తూర్పు జర్మనీలోని ఎమ్‌జెడ్ సంస్థలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు 1950లలో ఈ విద్యను పరిపక్వం చేశాడు. ఆ సంస్థ రేసు చోదకుడు ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో స్వీడను పోటీ సమయంలో దేశం విడిచి, ఆ రహస్యాలతో సుజుకిలో చేరాడు. మరుసటి ఏడే సుజుకి 50 సీసీ ప్రపంచ విజేత అయింది. సుజుకి టూ స్ట్రోక్ పరిజ్ఞానంలో అంతటి చరిత్ర దాగి ఉంది. ఆ సైలెన్సరును రంపంతో కోసేవాడు శక్తిని కోసి పారేస్తున్నాడు.

మరి చేయదగిన అభివృద్ధి ఏది? సైలెన్సరులో, పోర్టులలో పేరుకొన్న మసి తీయడం. ప్యాకింగు అంచులు దారికి అడ్డురాకుండా సరిచేయడం. రీడ్ వాల్వు రేకులు వెలుతురు కనబడకుండా మూసుకొనేటట్లు చూడడం, అవసరమైతే మార్చడం. నాణ్యమైన బేరింగులు వేయడం. పాత పాయింట్ల వ్యవస్థ ఉన్న బండ్లకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చడం. జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ ప్రమాణపు టూటీ ఆయిలు వాడడం. వీటితోపాటు బ్రేకు షూలు, టైర్లు, చెయిను కొత్తవి వేయడం. ఆగలేని బండికి పరుగు నేర్పడం వివేకం కాదు.

మత్తిగిరి గాలి, మైదానపు గాలి, నేటి పెట్రోలు

కార్బురేటరు సర్దుబాటులో ఈ ప్రాంతపు వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఉంది. 900 మీటర్ల ఎత్తున గాలి పలచన కావడం వలన అదే జెట్టుతో మిశ్రమం సుమారు 4 శాతం చిక్కబడుతుంది. దీనిని సరిచేయడానికి ఇక్కడ చిన్న జెట్టు వేసుకొని, అదే బండి మీద కృష్ణగిరి మీదుగా చెన్నై దిక్కుగా మైదానానికి దిగితే మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమం ఎక్కువ వేడిని పుట్టిస్తుంది, తక్కువ ఆయిలును తెస్తుంది. రెండూ పిస్టన్ పట్టేయడానికి దారులే.

దీనికి తోడు నేటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలుకు తనవంతు ప్రాణవాయువు ఉన్నందున, శుద్ధ పెట్రోలు కోసం రూపొందిన పాత కార్బురేటరులో మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది. కనుక మెయిన్ జెట్టును చిన్నది చేయడం కాక, తయారీదారు ఇచ్చిన సైజుతో మొదలుపెట్టి, ప్లగ్ రంగు చూస్తూ అవసరమైతే ఒక మెట్టు పెద్దది వేయడమే క్షేమం. ఇథనాలు పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పెట్రోలు గొట్టం, ఓ రింగులు, ఫ్లోట్ సూది దానికి తట్టుకొనే రకానివి వేయాలి. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుతుంది కనుక ఆయిలు కలిపిన పెట్రోలును వారాల తరబడి నిల్వ ఉంచరాదు.

దిగుడు రోడ్డు పరీక్ష

హోసూరు నుండి శూలగిరి మీదుగా కృష్ణగిరికి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిలో భూమి నాలుగు వందల మీటర్ల వరకు దిగుతుంది. పెట్రోలులోనే ఆయిలు కలిపే టూ స్ట్రోక్ బండికి దిగుడు రోడ్డు ఎక్కుడు రోడ్డుకంటె కఠినమైన పరీక్ష. యాక్సిలరేటరు పూర్తిగా మూసి, గేరులోనే ఉంచి దిగితే ఇంజను వేగంగా తిరుగుతూనే ఉంటుంది. కాని పెట్రోలు రాదు, పెట్రోలుతోపాటే రావలసిన ఆయిలూ రాదు. ఎండిన సిలిండరులో పిస్టన్ పట్టేస్తే వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకొంటుంది. లారీల మధ్య ఆ క్షణం ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు.

కనుక దిగుడులో అప్పుడప్పుడు యాక్సిలరేటరు కొద్దిగా తెరిచి ఇంజనుకు ఆయిలు అందించాలి. ఇంజను బిగుసుకొంటున్నట్లు అనిపించిన మరుక్షణమే క్లచ్ పట్టి రోడ్డు పక్కకు చేరాలి. కొత్తగా పునర్నిర్మించిన ఇంజను నడిపేవారు తొలి రోజులలో రెండు వేళ్లు క్లచ్ మీదనే ఉంచడం మంచి అలవాటు. 0.05 మిల్లీమీటరు కొలతను పట్టుబట్టి సాధించవలసిన అవసరం ఎంతటిదో ఈ రోడ్డు చెబుతుంది.

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం కూడా ఈ విషయాన్ని ధ్రువీకరించింది. అదే ఏడు వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. తయారీదారు అనుమతించిన ఓవర్‌సైజు పిస్టన్ వేయడం మరమ్మతు. వేరే బండి ఇంజను తెచ్చి బిగించడం మార్పు. దానికి రిజిస్టరు చేసే అధికారి ముందస్తు అనుమతి కావాలి. ఇంజను నంబరు ఉన్న క్రాంకు గదిని పారవేయరాదు, ఆ నంబరును గీకరాదు.

మోటారు సైకిలు రిజిస్ట్రేషను 15 ఏళ్ల తరువాత తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవలసినది. పత్రాలు చెల్లకుండా పోయిన బండి మీద ఇంజను పనికి డబ్బు ఖర్చుచేసే ముందు, ఆర్టీవో కార్యాలయంలో దాని స్థితి తెలుసుకోవడమే మొదటి పని.

తొలి 500 కిలోమీటర్లు

అమర్చిన ఇంజనును మొదట రెండు మూడు నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఇలా మూడుసార్లు చేసిన తరువాత, చల్లగా ఉన్నపుడు హెడ్డు నట్లను మరొకసారి సరిచూడాలి. పెట్రోలులో ఆయిలు కలిపే బండికి మామూలుగా లీటరుకు 20 మిల్లీలీటర్లు వాడేచోట తొలి ట్యాంకులకు 30 నుండి 40 వరకు కలపవచ్చు. అంతకు మించితే మేలు జరగదు. ఆయిలు పెరిగిన మేర పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది.

తొలి 500 కిలోమీటర్లు యాక్సిలరేటరు సగం దాటించరాదు, ఒకే వేగంతో ఎక్కువసేపు నడపరాదు, వెనుక ఇద్దరిని ఎక్కించుకొని తిప్పడం అసలే కూడదు. కొత్త రింగులు సిలిండరు గోడకు ఒదిగే కాలం ఇది. ప్రతి 100 కిలోమీటర్లకు ప్లగ్ రంగు చూసి పుస్తకంలో రాసుకోవాలి. సిలిండరు కొలతలు, పిస్టన్ కొలత, జెట్టు నంబరు, మార్చిన సీళ్లు కూడా అదే పుస్తకంలో ఉంటే, పదేళ్ల తరువాత ఆ ఇంజను విప్పేవారికి అది దారి చూపుతుంది.

తీసిన పాత ఆయిలును మురుగు కాలువలో పోయరాదు. అది చెరువుకు, అక్కడి నుండి బోరు బావికి చేరుతుంది. మూత ఉన్న డబ్బాలో నిల్వచేసి, వాడిన ఆయిలును సేకరించే అధీకృత వ్యాపారికి అప్పగించాలి.

పై పనులలో ఏదీ అసాధారణ ప్రతిభను కోరదు. మైక్రోమీటరు, బోర్ గేజి కొనలేనివారు యంత్రశాలలో అడిగి కొలిపించుకోవచ్చు. మూడు సందర్భాలలో మాత్రం వెనుకకు తగ్గడమే మంచిది: క్రాంకు గది పగిలి ఉన్నపుడు, చివరి ఓవర్‌సైజు కూడా అరిగిపోయి కొత్త లైనరు దొరకనపుడు, పత్రాలు సరిచేసుకొనే మార్గం లేనపుడు. మిగిలిన అన్ని సందర్భాలలోనూ ఇంజను దింపే ముందు కొలతలు రాసుకొనే పుస్తకం ఒకటి కొనడంతో పని మొదలుపెట్టవచ్చు.